మందుకు లొంగని పురుగు.. చదువుకు అందని పత్తి డబ్బు

చిక్కడపల్లి: అశోక్‌నగర్‌లోని వసతి గృహాల్లో దీపావళి నుంచి సంక్రాంతి వరకు సాయంత్రం ఫోన్లలో వినిపించే మొదటి ప్రశ్న ‘పత్తి ఎంత వచ్చింది?’ అన్నదే. ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం, నల్గొండ, నాగర్‌కర్నూలు ప్రాంతాల నుంచి గ్రూప్స్ పరీక్షల శిక్షణకు వచ్చి ఇక్కడి ఇరుకు గదుల్లో ఉంటున్న యువతీ యువకుల్లో పత్తి రైతుల బిడ్డలు ఎందరో ఉన్నారు. శిక్షణ రుసుము, గది అద్దె, మెస్ బిల్లు, పుస్తకాల ఖర్చు.. అన్నీ తొలి తీత, రెండో తీత పత్తి అమ్మిన డబ్బుతో ముడిపడినవే. కాయలో పురుగు పడితే ఆ దెబ్బ చేనుతో ఆగదు, నారాయణగూడలోని శిక్షణ తరగతి వరకు తాకుతుంది.

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో ఉదయం నుంచి రాత్రి దాకా కూర్చుని చదివే అభ్యర్థుల పాఠ్యాంశాల్లో జీవపరిణామం ఒకటి. పరిస్థితులను తట్టుకున్న జీవి మిగులుతుంది, దాని లక్షణమే తర్వాతి తరానికి సంక్రమిస్తుంది అన్నది ఆ పాఠం సారాంశం. అదే పాఠం ఊళ్లో తండ్రి చేలో కళ్లెదుట జరుగుతోంది. అక్కడ మిగులుతున్నది పురుగు, నష్టపోతున్నది రైతు. మందు కొట్టినా పురుగు ఎందుకు చావడం లేదన్న ప్రశ్నకు సమాధానం ఆ పాఠంలోనే ఉంది.

నిరోధకత ఎలా వస్తుంది?

పురుగుకు మందు ‘అలవాటు పడింది’ అని పల్లెల్లో అంటారు. ఒకే పురుగు మందును రోజూ తిని అలవాటు పడటం దీని అర్థం కాదు. ఒక చేలో లక్ష పురుగులు ఉన్నాయనుకుందాం. వాటిలో ఏ పదింటికో పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణం ఉంటుంది. మందు పడగానే మిగిలినవి చనిపోతాయి, ఆ పది బతుకుతాయి. అవి తమలో తాము జతకట్టి వందల సంఖ్యలో గుడ్లు పెడతాయి. పుట్టిన పిల్లల్లో తట్టుకునే గుణం ఉన్నవే ఎక్కువ. అదే మందును మళ్లీ కొడితే బలహీనమైనవి పోయి బలమైనవి మిగులుతాయి. కొన్ని తరాలు గడిచేసరికి చేనంతా ఆ పది పురుగుల సంతతితోనే నిండిపోతుంది. శనగపచ్చ పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి సుమారు నెల రోజులు చాలు. అంటే ఒక్క పంట కాలంలోనే అనేక తరాలు మారతాయి.

పురుగు మందును తట్టుకునే మార్గాలు ప్రధానంగా మూడు. మొదటిది, దాని శరీరంలోని ఎంజైములు విషాన్ని విరగ్గొట్టి హానిలేని పదార్థంగా మార్చడం. రెండోది, విషం వెళ్లి పట్టుకోవాల్సిన నాడీకణ భాగంలోనే మార్పు రావడంతో మందు అక్కడ అతుక్కోలేకపోవడం. మూడోది, పైచర్మం మందమై విషం లోపలికి వెళ్లే వేగం తగ్గిపోవడం. ఒకే పురుగులో ఈ మూడూ కలిసినప్పుడు మోతాదు రెట్టింపు చేసినా ఫలితం ఉండదు.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. పురుగులు మందును తట్టుకోగలవా అన్న ప్రశ్నను అమెరికా శాస్త్రవేత్త మెలాండర్ 1914లోనే లేవనెత్తారు. పండ్ల తోటల్లో పొలుసు పురుగు గంధకం, సున్నం కలిపిన మందుకు లొంగకపోవడాన్ని ఆయన గమనించారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ వాడకం పెరిగిన కొద్ది కాలానికే దాన్ని తట్టుకునే ఈగలు కనిపించాయి. నగర బస్తీల్లో దోమల విషయంలోనూ సూత్రం ఇదే. ఒకే రకం మందును ఏళ్ల తరబడి పొగ పెట్టినా, పిచికారీ చేసినా తట్టుకునే దోమలే మిగులుతాయి. నీటి నిల్వలు తొలగించకుండా మందునే నమ్ముకోవడం, చేలో పురుగును చూడకుండా మందునే నమ్ముకోవడం ఒక్కలాంటివే.

గుంటూరు, ప్రకాశం నేర్పిన పాఠం

మన నేలపై ఈ సమస్య తీవ్రరూపం దాల్చింది కోస్తా జిల్లాల్లో. 1980ల ఆరంభంలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మన దేశంలోకి వచ్చాయి. సైపర్‌మెథ్రిన్, ఫెన్‌వలరేట్, డెల్టామెథ్రిన్ ఈ కోవకు చెందినవే. కొద్ది మోతాదుకే పురుగు రాలిపోవడంతో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు వీటిని విరివిగా వాడారు. అయితే ఈ మందులు పురుగుతో పాటు దాన్ని తినే అక్షింతల పురుగులను, సాలీళ్లను, పరాన్నజీవులను కూడా చంపేశాయి. ఫలితంగా అప్పటి వరకు అంతగా బాధించని తెల్లదోమ విజృంభించింది. 1987లో శనగపచ్చ పురుగు ఈ మందులకు ఏ మాత్రం లొంగలేదు. ఎన్నిసార్లు పిచికారీ చేసినా కాయలు నేలపాలయ్యాయి. పైరిత్రాయిడ్లకు పురుగులో బలమైన నిరోధకత వచ్చినట్లు ఆ తర్వాత శాస్త్రవేత్తల పరీక్షల్లో తేలింది. అప్పుల భారంతో ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్న సంఘటనలు నాడు రాష్ట్రాన్ని కలచివేశాయి.

పదేళ్ల తర్వాత 1997-98లో ఆ విషాదం వరంగల్ జిల్లాలో పునరావృతమైంది. ఆ ఏడాది అకాల వర్షాల తర్వాత పొగాకు లద్దె పురుగు ఉప్పెనలా చేలపై పడింది. రైతులు రెండు మూడు మందులను ఒకే ట్యాంకులో కలిపి కొట్టారు. కొన్న మందులో నాణ్యత లేనివీ ఉన్నాయి. విత్తనం, ఎరువు, మందు అన్నీ అప్పుగా ఇచ్చిన దుకాణదారుకే పంట కూడా అమ్మాల్సిన పరిస్థితి. ఏ మందు కొట్టాలో చెప్పేదీ ఆయనే. వ్యవసాయ శాఖ సలహా గ్రామానికి చేరేలోపు అప్పు ఖాతా నిండింది. వందలాది కుటుంబాలు పెద్దదిక్కును కోల్పోయాయి.

ఈ రెండు సంఘటనల్లోనూ సాంకేతిక వైఫల్యం వెనుక సామాజిక కారణం ఉంది. దేశం మొత్తం సాగుభూమిలో పత్తి విస్తీర్ణం 5 శాతం దరిదాపుల్లో ఉండగా, 1990లలో పురుగు మందుల వాడకంలో దాదాపు సగం ఆ ఒక్క పంటకే పోయింది. కౌలు రైతుకు బ్యాంకు రుణం దొరకదు. అప్పిచ్చిన చోటే సలహా తీసుకోవాలి. ఆ సలహా సీసా రూపంలోనే ఉంటుంది.

బీటీ వచ్చింది.. గులాబీ రంగు పురుగు మిగిలింది

2002 మార్చిలో కేంద్ర జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన జన్యువును పత్తి మొక్కలోకి చొప్పించడంతో మొక్కే కాయతొలుచు పురుగుకు విషమైన మాంసకృత్తిని తయారుచేసుకుంటుంది. తొలి ఏళ్లలో మన రాష్ట్రంలో ఫలితాలు మిశ్రమంగా ఉన్నాయి. వరంగల్ ప్రాంతంలో రైతులు నష్టపోవడంతో 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి నిరాకరించారు. 450 గ్రాముల సంచి ధర 1,600 రూపాయలకు పైగా ఉండగా, 2006లో రాష్ట్ర ప్రభుత్వం న్యాయపోరాటం చేసి 750 రూపాయలకు తగ్గించింది. అదే ఏడాది రెండు జన్యువులున్న బోల్‌గార్డ్-2 విపణిలోకి వచ్చింది. శనగపచ్చ పురుగు తగ్గింది, దానిపై కొట్టే మందుల ఖర్చూ తగ్గింది. రైతులు ఊపిరి పీల్చుకున్నారు.

ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు. ఒక జన్యువున్న బీటీ పత్తిని గులాబీ రంగు పురుగు తట్టుకుంటోందని గుజరాత్‌లో వెల్లడైంది. ఈ విషయాన్ని విత్తన సంస్థే 2010లో అంగీకరించింది. 2014-15 నాటికి బోల్‌గార్డ్-2 కాయల్లోనూ అదే పురుగు కనిపించింది. 2017 నాటికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలలో విస్తరించింది. బీటీ వచ్చాక తగ్గిన పిచికారీ మళ్లీ పెరిగింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో మందు కొడుతూ విషప్రభావానికి గురై 20 మందికి పైగా రైతులు, కూలీలు మృతిచెందడం దేశాన్ని నివ్వెరపరిచింది.

శనగపచ్చ పురుగు లొంగితే గులాబీ రంగు పురుగు ఎందుకు లొంగలేదు? జవాబు వాటి తిండిలో ఉంది. శనగపచ్చ పురుగు కంది, శనగ, టమాటా, మిరప వంటి అనేక పంటలపై బతుకుతుంది. ఆ పంటల్లో బీటీ విషం లేదు. అక్కడ పెరిగిన సాధారణ పురుగులు వచ్చి పత్తి చేలో మిగిలిన మొండి పురుగులతో జతకడతాయి. పుట్టే పిల్లలు విషానికి లొంగుతాయి. గులాబీ రంగు పురుగుకు దాదాపుగా పత్తే ఆహారం. ఊరంతా బీటీ పత్తే ఉన్నప్పుడు మొండి పురుగు మొండి పురుగుతోనే జతకడుతుంది.

దీన్ని నివారించడానికే బీటీ చేను చుట్టూ ఐదు వరుసలు గానీ, విస్తీర్ణంలో 20 శాతం గానీ బీటీ కాని పత్తి వేయాలన్న నిబంధన పెట్టారు. అందుకోసం ప్రతి సంచితోపాటు 120 గ్రాముల సాధారణ విత్తనం ఇచ్చారు. పురుగుకు కొంత భాగం వదలడమంటే నష్టమేనని భావించిన రైతులు ఆ చిన్న సంచిని పక్కన పడేశారు. ఎందుకు వేయాలో వివరించిన వారు కరవయ్యారు. ఆ తర్వాత సాధారణ విత్తనాన్ని అదే సంచిలో కలిపి ఇచ్చే విధానం తెచ్చారు.

ఇంకో రెండు కారణాలను కూడా శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మన దేశంలో బీటీని దాదాపుగా సంకర విత్తనాల రూపంలోనే ఇచ్చారు. సంకర మొక్క కాయలోని గింజల్లో కొన్నింటిలో విషం ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. గింజను తినే గులాబీ రంగు పురుగుకు అరకొర విషం అంది, తట్టుకునే గుణం త్వరగా బలపడింది. రెండోది, సంకర రకాల పంటకాలం ఎక్కువ. నీటి వసతి ఉన్నచోట ఫిబ్రవరి, మార్చి వరకు చేను ఉంచడంతో పురుగుకు ఏడాదిలో ఎక్కువ కాలం తిండి దొరికింది. అమెరికాలో ఇదే పురుగును బీటీ పత్తి, వంధ్యత్వం కలిగించిన రెక్కల పురుగుల విడుదల, లింగాకర్షక ఎరలు కలిపి వాడి అదుపుచేశారు. పత్తి పండించే ప్రాంతాల నుంచి దాన్ని నిర్మూలించినట్లు 2018లో అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది. ఏ ఒక్క ఆయుధాన్నీ ఒంటరిగా నమ్మకపోవడమే ఆ విజయ రహస్యం.

పేరు వేరు.. మందు ఒకటే

తెలంగాణలో ఏటా 40 లక్షల ఎకరాలకు పైగా పత్తి సాగవుతోంది. ఇంత విస్తీర్ణంలో రైతులు తెలియక చేస్తున్న పెద్ద పొరపాటు ‘మందు మార్చాం’ అనుకోవడం. ఒక సీసాలో పురుగు చావలేదని వేరే పేరున్న సీసా తెస్తారు. రెండింటిలో ఉన్న రసాయనం ఒకటే కావచ్చు, లేదా ఒకే వర్గానికి చెందినది కావచ్చు. ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్ వేర్వేరు పేర్లయినా మూడూ ఆర్గానోఫాస్ఫరస్ వర్గమే. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్ మూడూ నియోనికోటినాయిడ్లే. వర్గంలో ఒక మందును తట్టుకున్న పురుగు సాధారణంగా ఆ వర్గంలోని మిగిలిన వాటినీ తట్టుకుంటుంది. మందులు పనిచేసే తీరును బట్టి వాటికి సంఖ్యలు ఇచ్చే అంతర్జాతీయ వర్గీకరణ ఉంది. దాని ప్రకారం ఆర్గానోఫాస్ఫరస్ మందులు 1బీ, పైరిత్రాయిడ్లు 3ఏ, నియోనికోటినాయిడ్లు 4ఏ, స్పైనోసాడ్ 5, ఎమామెక్టిన్ 6, ఇండాక్సాకార్బ్ 22ఏ, క్లోరాంట్రానిలిప్రోల్ 28వ వర్గం. వరుసగా రెండు పిచికారీలు ఒకే సంఖ్యలో పడకూడదన్నది సూత్రం.

సీసాపై ఉండే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రిభుజాలు ఈ వర్గాన్ని సూచించవు. అవి మనిషికి ఆ మందు ఎంత విషమో చెబుతాయి. ఎరుపు అత్యంత విషపూరితం. ఎరుపు గుర్తు ఉంటే పురుగుపై గట్టిగా పనిచేస్తుందన్న నమ్మకం తప్పు.

సీసాకు ముందు చేయాల్సినవి

నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ 2000 దశకంలో ఆంధ్రప్రదేశ్ సహా పత్తి రాష్ట్రాల్లో నిరోధకత యాజమాన్య కార్యక్రమం చేపట్టింది. పంటకాలాన్ని దశలుగా విభజించి, ఏ దశలో ఏ వర్గం మందు వాడవచ్చో, ఏది వాడకూడదో నిర్దేశించడం దాని ప్రత్యేకత. విత్తనశుద్ధి చేసిన చేలో తొలి 60 రోజులు పిచికారీకి వెళ్లకుండా మిత్రపురుగులను పెరగనివ్వడం, ఆ తర్వాత వేప ఉత్పత్తులతో మొదలుపెట్టడం, పైరిత్రాయిడ్లను పంట చివరి దశకే పరిమితం చేయడం అందులో ముఖ్యాంశాలు. నేటికీ ఈ సూత్రం వర్తిస్తుంది.

వ్యవసాయ నిపుణులు సూచిస్తున్న ప్రధాన జాగ్రత్తలివి:

వేసవిలో లోతుగా దుక్కి దున్నితే నేలలోని కోశస్థ దశ పురుగులు ఎండకు, పక్షులకు బలవుతాయి.

ఊరంతా ఒకే సమయంలో, తక్కువ కాలపరిమితి రకాలు విత్తుకోవాలి. ముందు విత్తిన చేను పురుగుకు వంతెనగా మారుతుంది.

చేను చుట్టూ జొన్న లేదా మొక్కజొన్న నాలుగు వరుసలు వేస్తే రసంపీల్చు పురుగులకు అడ్డుగోడగా ఉంటుంది. మధ్య మధ్య వేసిన ఆముదం పొగాకు లద్దె పురుగును, బంతి శనగపచ్చ పురుగును ఆకర్షిస్తాయి. ఆముదపు ఆకులపై గుడ్ల సముదాయాలను ఏరి నాశనం చేయవచ్చు.

తొలిదశలో పచ్చదోమ, పేనుబంక, తామర పురుగులకు 5 శాతం వేపగింజల కషాయం వాడాలి. నత్రజని ఎరువు మోతాదు మించితే మొక్క మెత్తబడి దోమ పెరుగుతుంది.

పూత దశకు ముందే ఎకరాకు 4 లింగాకర్షక బుట్టలు అమర్చాలి. వరుసగా మూడు రోజులు ఒక్కో బుట్టలో రోజుకు 8 గులాబీ రంగు రెక్కల పురుగులు పడినా, వంద పూలలో 10 గుడ్డి పూలు కనిపించినా, కోసి చూసిన 20 కాయల్లో 2 పురుగులున్నా అప్పుడే మందు గురించి ఆలోచించాలి. రేకులు విచ్చుకోకుండా గులాబీ మొగ్గలా ముడుచుకుపోయిన పువ్వునే గుడ్డి పువ్వు అంటారు. వాటిని ఏరి కాల్చివేయాలి.

డిసెంబరు చివరికల్లా పంట ముగించాలి. మోళ్లను పశువులు, మేకలతో మేపించి, పత్తి కట్టెను పీకేయాలి. గట్లపై కుప్పలు పెడితే ఎండిన కాయల్లో పురుగు నిద్రావస్థలో దాక్కుని వచ్చే ఏడాది లేస్తుంది. జిన్నింగ్ మిల్లుల ఆవరణలోనూ బుట్టలు పెట్టడం అవసరం.

వీటిలో చాలా పనులు ఒక రైతు ఒంటరిగా చేస్తే ఫలితం అంతంతమాత్రమే. రెక్కల పురుగుకు గట్టు అడ్డు కాదు. ఒకరు డిసెంబరులో చేను తీసేసి, పక్కవారు మార్చి దాకా ఉంచితే ఇద్దరూ నష్టపోతారు. పురుగు యాజమాన్యం ఊరి పని.

పునుకుల దారి

ఊరంతా కలిస్తే ఏం జరుగుతుందో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పునుకుల చూపించింది. పురుగు మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఆ గ్రామం స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో 2000 దశకం తొలినాళ్లలో రసాయన మందులు మానే బాట పట్టింది. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, పక్షిస్థావరాలతో సాగు చేసింది. మహిళా సంఘాలు ముందు నడిచాయి. చివరకు గ్రామం తనను తాను పురుగు మందులు లేని గ్రామంగా ప్రకటించుకుంది. ఈ అనుభవమే తర్వాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా రాష్ట్రంలోని వేలాది గ్రామాలకు వెళ్లిన మందులు లేని సాగుకు పునాది అయింది. పునుకులలో అన్నిటికంటే పెద్ద మార్పు దుకాణం ఖాతాలో కనిపించింది. మందు కొనకపోవడంతో అప్పు తగ్గింది. అప్పు తగ్గడంతో పంటను నచ్చిన చోట అమ్ముకునే వీలు చిక్కింది.

గ్రంథాలయం నుంచి గట్టు దాకా

తెలంగాణలో ప్రతి 5 వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని నియమించే విధానం ఉంది. 2,601 క్లస్టర్లలో రైతు వేదికలు నిర్మించారు. ఈ వ్యవస్థ బలం ఆ కుర్చీలో కూర్చునే వారి అవగాహనపై ఆధారపడి ఉంటుంది. చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుతున్న వారిలో కొందరు రేపు విస్తరణాధికారులు కావచ్చు, మరికొందరు మండల, జిల్లా స్థాయి అధికారులు కావచ్చు. అంతవరకూ ఆగాల్సిన పని లేదు. పంట కాలంలో ఇంటికి ఫోన్ చేసినప్పుడు పత్తి ఎంత వచ్చిందని అడగడానికి ముందు అడగదగిన ప్రశ్నలు మూడున్నాయి. క్రితం సారి కొట్టిన సీసాపై చిన్న అక్షరాల్లో ఉన్న రసాయనం పేరేమిటి? ఇప్పుడు దుకాణంలో ఇచ్చినది దానికి భిన్నమైన వర్గమేనా? బుట్టలో ఎన్ని పురుగులు పడ్డాయి? సీసా ఫొటో తీసి పంపమంటే చాలు, ఆ పేరు చదివి చెప్పడం డిగ్రీ చదివిన బిడ్డకు కష్టం కాదు. సందేహమైతే 1800 180 1551 కిసాన్ కాల్ సెంటర్‌లో తెలుగులోనే ఉచితంగా సలహా పొందవచ్చు.

మందు తప్పనిసరై కొట్టాల్సి వస్తే ముఖానికి గుడ్డ, చేతులకు తొడుగులు, ఒంటినిండా దుస్తులు ఉండేలా, గాలి వాలుకే కొట్టేలా, ఖాళీ కడుపుతో చేలోకి దిగకుండా, రెండు మూడు మందులు సొంతంగా కలపకుండా ఇంట్లో వారిని ఒప్పించడం కూడా ఆ ఫోన్‌లోనే సాధ్యం. పత్తి పోతే మరో ఏడాది వస్తుంది. గది అద్దె ఆలస్యమైతే యజమానిని నాలుగు రోజులు బతిమాలుకోవచ్చు. చేలో పంపు వీపున వేసుకున్న మనిషి మాత్రం క్షేమంగా ఇంటికి రావాలి.